ఒకే మార్పు, ఊరికో ఫలితం: మనుషుల్లో వైరస్‌లు ఎలా మారతాయి

2021 మే మొదటి వారంలో తిరుపతి నుంచి ఢిల్లీ వెళ్లవలసిన వారికి కొత్త చిక్కు వచ్చిపడింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవారు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలని ఢిల్లీ ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చింది. అందుకు కారణంగా టీవీల్లోనూ వాట్సాప్‌లోనూ వినిపించిన పేరు ‘ఎన్440కె’, కరోనా వైరస్‌లో వచ్చిన ఒక మార్పు. అది కర్నూలులో బయటపడ్డ ‘ఆంధ్ర రకం’ అనీ, పాత కరోనా కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమనీ ప్రచారం సాగింది. ప్రయోగశాలలో పెంచిన కణాల్లో ఆ రకం ఎక్కువగా వృద్ధి చెందిందన్న ఒక పరిశోధన ఫలితం ఆ ప్రచారానికి మూలం. అయితే అదే రోజుల్లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు మరో మాట చెప్పారు: ఎన్440కె ఉన్న వైరస్ దక్షిణాదిలో అప్పటికే తగ్గుముఖం పట్టింది, దాని స్థానంలోకి తర్వాత డెల్టా అని పేరుపడిన రకం వస్తోంది. కొన్ని వారాలు గడిచేసరికి ఎన్440కె పేరు ఎక్కడా వినిపించలేదు.

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. ఆ నెలలో ఆన్‌లైన్ క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: “సార్, అంత బలమైనదైతే ఎందుకు పోయింది? పోయేదే అయితే ముందు ఎందుకు పెరిగింది?” ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నాకు తెలిసినంతలో జవాబు ఇది: వైరస్‌లో వచ్చిన ఒక మార్పుకు దానంతట దానికి బలమూ లేదు, బలహీనతా లేదు. అది ఏ జనంలో, ఏ కాలంలో, ఎలాంటి పరిస్థితుల నడుమ పడిందన్నదాన్ని బట్టే దాని భవితవ్యం తేలుతుంది.

పాఠాంతరాలు ఎలా పుడతాయి

వైరస్ తనంతట తాను బతకలేదు. మన కణంలోకి దూరి, ఆ కణం చేతనే తన జన్యుపదార్థానికి వేలాది ప్రతులు తీయిస్తుంది. ప్రతి తీసే పనిలో అప్పుడప్పుడు ఒక అక్షరం తప్పుపడుతుంది. ఆ తప్పునే ఉత్పరివర్తనం లేదా మ్యుటేషన్ అంటారు. తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్ర గ్రంథాలను చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఒక లేఖకుడి చేతిలో దొర్లిన తప్పు, ఆ ప్రతిని చూసి రాసిన తర్వాతి ప్రతులన్నిటిలోకీ ఎక్కుతుంది. అందుకే పండితులు పాఠాంతరాలను పోల్చి, ఏ ప్రతి దేని నుంచి వచ్చిందో వంశవృక్షం గీయగలుగుతారు. వైరస్ జన్యుక్రమాలతో శాస్త్రవేత్తలు చేసేదీ సరిగ్గా ఆ పనే. కొన్ని మార్పులను కలిసి మోసుకొస్తూ, విడిగా గుర్తించగలిగిన వంశాన్ని వేరియంట్ అంటారు.

అన్ని వైరస్‌లూ ఒకే వేగంతో తప్పులు చేయవు. కరోనా వైరస్ జన్యుపదార్థం పొడవు సుమారు 30,000 అక్షరాలు. రాసింది సరిచూసుకునే ఎంజైమ్ ఒకటి దానికి ఉంది కాబట్టి, స్థూలంగా ముప్ఫై ప్రతులకు ఒక తప్పు పడుతుంది. హెచ్ఐవీకి సరిచూసుకునే ఏర్పాటు లేదు. దాని పొడవు సుమారు 9,700 అక్షరాలే అయినా, మూడు నాలుగు ప్రతులకే ఒక తప్పు దొర్లుతుంది. చికిత్స తీసుకోని మనిషి ఒంట్లో రోజుకు దాదాపు వెయ్యి కోట్ల హెచ్ఐవీ కణికలు తయారవుతాయి. అంటే ఒక్క అక్షరంలో రాగలిగిన ప్రతి మార్పూ ఆ ఒక్క శరీరంలోనే ప్రతిరోజూ ఎక్కడో ఒకచోట పుడుతూ ఉంటుంది. మార్పు పుట్టడంలో విశేషం లేదు. పుట్టినవాటిలో అత్యధికం వైరస్‌కు నష్టమో, నిష్ప్రయోజకమో అయి అక్కడికక్కడే అంతరిస్తాయి. ఏది నిలిచిందన్నదే అసలు విషయం.

‘ఒత్తిడి’ అంటే ఏమిటి, అది ఎవరిది

పాఠ్యపుస్తకాల్లో దీన్ని ప్రకృతి వరణం అంటారు. వరణం అంటే ఎంపిక. కొన్ని రకాలను మిగిల్చి, కొన్నింటిని తొలగించే పరిస్థితి ఏదైనా వరణ ఒత్తిడి అవుతుంది: మన యాంటీబాడీలు, మనం వేసుకునే మందు, వైరస్‌ను మోసే దోమ జాతి, ఒకరికొకరు ఎంత దగ్గరగా మసలుతారన్నది, చివరికి పుట్టుకతో వచ్చిన జన్యువులు కూడా. ‘వైరస్ తెలివి మీరింది’, ‘టీకాను తప్పించుకోవడానికి రూపం మార్చుకుంది’ అని వార్తల్లో రాస్తారు. అలా రాయడం వల్ల పాఠకుడి మనసులో ఒక పన్నాగం నాటుకుంటుంది. వైరస్‌కు ఉద్దేశం ఉండదు. తప్పులు గుడ్డిగా పడతాయి, జల్లెడ మాత్రం మన వైపు ఉంటుంది.

జనసమూహం అన్న మాటను కూడా ఇక్కడే విప్పి చెప్పాలి. ఈ చర్చలో దాని అర్థం కులమో మతమో కాదు. ఎవరి మధ్య వైరస్ తిరుగుతోందో వాళ్లందరూ కలిసి ఒక సమూహం. వాళ్లలో ఎంతమందికి ఇంతకుముందు జబ్బు సోకింది, ఎంతమంది టీకా వేసుకున్నారు, వయసులు ఏమిటి, నీళ్లు ఎలా నిల్వ చేసుకుంటారు అన్నవి ఆ సమూహపు లక్షణాలు. ఇవి ఊరికీ ఊరికీ మారుతాయి, ఒకే ఊళ్లో ఏడాదికీ ఏడాదికీ కూడా మారుతాయి.

రెండు ఊళ్ల లెక్క

ఊహించుకున్న లెక్క ఒకటి వేద్దాం. పాత రకం వైరస్, ఎవరికీ రోగనిరోధకత లేనిచోట, ఒకరి నుంచి సగటున ముగ్గురికి సోకుతుంది. కొత్త రకంలో ఒక మార్పు వచ్చింది. దానివల్ల అంటుకునే శక్తి కొంత తగ్గి, ఒకరి నుంచి 2.4 మందికే సోకుతుంది. కానీ పాత రోగనిరోధకతలో సగాన్ని అది తప్పించుకోగలదు.

మొదటి ఊళ్లో ఎవరికీ రోగనిరోధకత లేదు. అక్కడ పాత రకానికి 3, కొత్త రకానికి 2.4. ప్రతి తరంలోనూ, అంటే ఒకరి నుంచి మరొకరికి సోకే ఒక్కో విడతలోనూ, కొత్త రకం వెనకబడుతుంది. వందకు ఒకటిగా మొదలైతే, ఐదు తరాలు గడిచేసరికి మూడు వందలకు ఒకటి అవుతుంది. ఆ ఊరి వైద్యుడికి అది కంటికి కూడా ఆనదు.

రెండో ఊళ్లో వందలో 70 మందికి పాత రకం మీద రోగనిరోధకత ఉంది. కాబట్టి పాత రకం ముగ్గురిలో 30 శాతానికే, అంటే 0.9 మందికే సోకగలదు. కొత్త రకం సగం తప్పించుకుంటుంది కనుక దానికి అడ్డు తగిలేది 35 శాతమే, 2.4లో 65 శాతం అంటే 1.56. పాత రకం కేసులు 1,000, కొత్తవి 10 ఉన్న రోజున మొదలుపెడితే, పదో తరానికి పాతవి సుమారు 350కి తగ్గుతాయి, కొత్తవి సుమారు 850కి పెరుగుతాయి. తరానికి ఐదు రోజులనుకుంటే ఇది యాభై రోజుల కథ.

రెండు ఊళ్లలోనూ మార్పు ఒక్కటే, అక్షరం కూడా తేడా లేదు. ఒక ఊళ్లో అది ఓడింది, మరో ఊళ్లో గెలిచింది. ప్రయోగశాలలో కొలిచిన ‘ఇన్ని రెట్లు ఎక్కువ’ అన్న అంకె ఈ రెండు ఊళ్లలో దేనికి వర్తిస్తుందో ఆ అంకెను చూసి చెప్పలేం. 2021 మే నెలలో జరిగిన పొరపాటు అక్కడే ఉందని నా అభిప్రాయం.

రాయలసీమలో అక్కర్లేని మార్పు కేరళలో ఎందుకు నిలిచింది

ఊహించిన ఊళ్లను వదిలి, మా జిల్లా వాళ్లు ఒంటిమీద అనుభవించిన ఉదాహరణకు వద్దాం. మన దేశంలో 1973 తర్వాత దాదాపు 32 ఏళ్లు కనిపించకుండా పోయిన చికున్‌గున్యా, 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ తలెత్తింది. 2006లో దేశం మొత్తం మీద అనుమానిత కేసులు 13.9 లక్షలు దాటాయి. ఆ ఏడు రాయలసీమలో ఏ వీధికి వెళ్లినా గోడ పట్టుకుని నడిచేవాళ్లే కనిపించారు. మా ఇంట్లో నలుగురం పది రోజుల తేడాతో పడ్డాం. మా అమ్మకు చేతి వేళ్ల కీళ్ల నొప్పులు మరుసటి వేసవి దాకా తగ్గలేదు.

ఈ వైరస్‌ను మోసేవి రెండు దోమలు. ఒకటి ఈడిస్ ఈజిప్టై. ఇంటి లోపల, మనుషుల మధ్య, నిల్వ నీళ్లలో పెరుగుతుంది. కొళాయి నీళ్లు నాలుగైదు రోజులకొకసారి వచ్చే మా వీధుల్లో తొట్లు, డ్రమ్ములు, పెరట్లో పడేసిన టెంకాయ చిప్పలు దానికి నివాసాలు. రెండోది ఈడిస్ ఆల్బోపిక్టస్, టైగర్ దోమ. తోటలు, చెట్ల నీడ, వానలు ఎక్కువగా ఉన్నచోట విస్తారంగా ఉంటుంది. కేరళ రబ్బరు తోటల్లో పాలు పట్టే చిప్పల్లో నిలిచిన వాన నీళ్లు దానికి అనువైన చోటు.

2005-06లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఇదే వైరస్ చెలరేగి, జనాభాలో మూడో వంతు మందికి సోకింది. ఆ దీవిలో ప్రధానంగా ఉన్నది టైగర్ దోమ. అక్కడ వైరస్ ఉపరితల ప్రోటీన్లలో ఒకటైన ఇ1లో 226వ స్థానాన అలనిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌ను కట్టే చిన్న అణువుల్లో ఒకటి) పోయి వాలిన్ వచ్చింది. ఈ ఒక్క మార్పుతో వైరస్ టైగర్ దోమకు చాలా సులభంగా సోకగలిగింది. ఈజిప్టై దోమ విషయంలో మాత్రం దానివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదు.

ఇప్పుడు మన దేశానికి రండి. 2006లో ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రలలో సేకరించిన వైరస్‌లలో ఈ మార్పు కనిపించలేదు. ఈజిప్టై ఏలే ఊళ్లలో దాని అవసరం పడలేదు. ఒకవేళ పుట్టినా నిలవడానికి కారణం లేదు. అదే వంశపు వైరస్ కేరళకు చేరిన తర్వాత, 2007లో అక్కడి నమూనాల్లో 226వ స్థానంలో వాలిన్ కనిపించింది. జన్యుక్రమాలను పోల్చి చూస్తే అది రీయూనియన్ నుంచి దిగుమతి అయినది కాదని, ఇక్కడే విడిగా పుట్టిందని తేలింది. ఆఫ్రికాలోని గాబన్‌లోనూ అలాగే విడిగా పుట్టింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని లేఖకులు ముగ్గురు ఒకే పదాన్ని ఒకేలా దిద్దితే, ఆ పదంలో ఏదో అవసరం ఉందని అనుకుంటాం కదా. ఇలాంటి సమాంతర మార్పులే వరణం పనిచేసిందనడానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం.

దీనికి ఒక మెలిక కూడా ఉంది. ఆగ్నేయాసియాలో అర్ధ శతాబ్దానికి పైగా తిరిగిన చికున్‌గున్యా ‘ఆసియా వంశం’ అనే మరో వంశానికి టైగర్ దోమ పక్కనే ఉంది, అయినా అది ఈ మార్పును అందుకోలేదు. కారణం తర్వాత బయటపడింది. ఆ వంశంలో అదే ప్రోటీన్ 98వ స్థానంలో ఎప్పుడో జరిగిన మరో మార్పు, 226లో వచ్చే మార్పు ఫలితాన్ని రద్దు చేస్తుంది. ఒత్తిడి ఎంత ఉన్నా, పాత చరిత్ర దారి మూసివేస్తే వైరస్ అటు వెళ్లలేదు.

జనం జన్యువులే ఒత్తిడి అయినప్పుడు

ప్రతి మనిషి కణాల మీదా హెచ్ఎల్ఏ అనే అణువులు ఉంటాయి. కణం లోపల ఉన్న వైరస్ ముక్కలను అవి పైకి తెచ్చి రక్షక కణాలకు చూపిస్తాయి. ఈ అణువుల్లో వేల రకాలున్నాయి, ఏ రకం ఎంతమందిలో ఉంటుందన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. జపాన్‌లో హెచ్ఎల్ఏ-బి51 అనే రకం సుమారు ఐదుగురిలో ఒకరికి ఉంటుంది. 1980లలో హెచ్ఐవీ సోకిన జపనీయుల్లో బి51 ఉన్నవారికి జబ్బు నెమ్మదిగా ముదిరేది. కానీ ఆ అణువు చూపించే ముక్కలో, 135వ స్థానంలో, ఒక మార్పు వస్తే వైరస్ తప్పించుకోగలదు. 2009లో వెలువడిన ఒక బహుళదేశ అధ్యయనం ప్రకారం, జపాన్‌లో బి51 లేనివారిలో కూడా సగానికి పైగా ఈ తప్పించుకున్న వైరసే కనిపించింది. బి51 అరుదైన దేశాల్లో ఆ మార్పు తక్కువ. తొలినాళ్లలో దొరికిన రక్షణ జపాన్‌లో క్రమంగా కరిగిపోయింది.

బోట్స్వానాలో జరిగింది చూస్తే చిత్రం ఇంకొంత మారుతుంది. అక్కడ కూడా బి57 అనే రక్షక రకాన్ని వైరస్ తప్పించుకోవడం నేర్చింది, రక్షణ పోయింది. అయితే 2014లో వచ్చిన అధ్యయనంలో, పొరుగున ఉన్న దక్షిణాఫ్రికా నమూనాలతో పోలిస్తే బోట్స్వానా వైరస్‌లకు వృద్ధి చెందే శక్తి తగ్గి ఉన్నట్టు తేలింది. తప్పించుకోవడానికి అది కొంత మూల్యం చెల్లించింది.

మందు, టీకా: మనం పెట్టే ఒత్తిడి

హెచ్ఐవీకి లామివుడిన్ అనే మందు ఒక్కటే ఇస్తే కొన్ని వారాల్లోనే నిరోధక రకం పైకి వస్తుంది. ఆ రకం నెమ్మదిగా పెరుగుతుంది, మందు ఆపితే పాత రకం దాన్ని దాటేస్తుంది. మూడు మందులు కలిపి ఇవ్వడం వెనక ఉన్నది సాధారణ గణితం. ఒక నిర్దిష్ట మార్పు లక్ష ప్రతులకు ఒకటి అనుకుంటే, మూడు మార్పులు ఒకే ప్రతిలో కలిసిరావడానికి పది కోట్ల కోట్ల ప్రతులు కావాలి. రోజుకు వెయ్యి కోట్లే తయారయ్యేచోట అది దాదాపు అసాధ్యం. మాత్రలు మధ్యలో మానేసినప్పుడు ఈ లెక్క చెదిరిపోతుంది. ఒక్కో మార్పును విడివిడిగా పోగుచేసుకునే వ్యవధి వైరస్‌కు దొరుకుతుంది.

పోలియో చుక్కల కథ సున్నితమైనది, తప్పుగా చెబితే తల్లిదండ్రులు టీకాకే భయపడతారు. చుక్కల మందులో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్. రెండో రకం పోలియో టీకా వైరస్‌ను బలహీనంగా ఉంచే కీలక అక్షరాల్లో ఒకటి, పిల్లల పేగుల్లో కొద్ది రోజుల్లోనే వెనక్కి మారుతుంది. అందరూ చుక్కలు వేసుకున్న ఊళ్లో అది ఎవరికీ సోకలేక ఆగిపోతుంది. చాలామంది వేసుకోని ఊళ్లో మాత్రం పిల్లవాడి నుంచి పిల్లవాడికి నెలల తరబడి తిరుగుతూ, పోగొట్టుకున్న శక్తిని తిరిగి సంపాదించుకుంటుంది. చుక్కల మందు ఒక్కటే అయినా, రెండు సమూహాల్లో రెండు ఫలితాలు వచ్చాయి. మన దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. రెండో రకం సహజ వైరస్ ప్రపంచమంతటా నిర్మూలమైందని 2015లో ప్రకటించాక, 2016 ఏప్రిల్‌లో చుక్కల నుంచి ఆ రకాన్ని తొలగించారు. వెనక్కి మారడం కష్టమయ్యేలా జన్యుక్రమాన్ని దిద్దిన కొత్త రెండో రకం టీకాను 2020 చివర్లో అత్యవసర వినియోగానికి అనుమతించారు.

మరి తట్టు సంగతేమిటి? అదీ తప్పులు ఎక్కువగా చేసే వైరసే. 1954లో సేకరించిన ఒక నమూనా నుంచి పుట్టిన టీకాలు నేటికీ పనిచేస్తున్నాయి. ఫ్లూ టీకా కూర్పునైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు సమీక్షించాలి. తట్టు వైరస్ ప్రోటీన్‌లో యాంటీబాడీలు పట్టుకునే చోట్లు అనేకం, వాటిలో ముఖ్యమైనవి మన కణాన్ని అంటుకోవడానికి దానికి అత్యవసరమైన చోట్లే. అక్కడ మారితే అది యాంటీబాడీతో పాటు కణాన్నీ పోగొట్టుకుంటుంది.

గెలిచిందంటే బలమైనదేనా

ఇక్కడ శాస్త్రవేత్తల మధ్య నిజమైన వాదం ఉంది. ఒక రకం పెరిగితే అది వరణం వల్లనా, యాదృచ్ఛికంగానా? 2020 తొలి నెలల్లో ఏ3ఐ అనే కరోనా వంశం మన దేశంలో విస్తారంగా కనిపించింది. అది మెరుగైనదని కాదు. ముందుగా వచ్చి, జనసమ్మర్దంలో పడి, లాక్‌డౌన్‌కు ముందు వ్యాపించింది. తర్వాత స్పైక్ ప్రోటీన్‌లో (వైరస్ మన కణాన్ని అంటుకోవడానికి వాడే ముల్లులాంటి ప్రోటీన్) 614వ స్థానంలో మార్పు ఉన్న వంశం దాన్ని నెట్టేసింది. ఆ 614 మార్పు మీద కూడా మొదట ఇదే సందేహం వచ్చింది: ఐరోపా ప్రయాణికుల వెంట అదృష్టవశాత్తు వ్యాపించిందేమోనని కొందరు వాదించారు. అనేక దేశాల్లో విడివిడిగా అదే పైచేయి సాధించడం, ప్రయోగాల్లో సంక్రమణ శక్తి పెరిగినట్టు కనిపించడం చూశాక వరణమే ప్రధాన కారణమన్న వైపు మొగ్గు ఏర్పడింది. ఒక్కచోట పెరిగిన రకాన్ని చూసి తీర్పు చెప్పకూడదు, పలుచోట్ల పెరిగిందా అని చూడాలి.

తిరుపతి వాసిగా ఈ ప్రశ్న నాకు దగ్గరది. సాధారణ రోజుల్లో కొండకు రోజూ అరవై వేల నుంచి ఎనభై వేల మంది వస్తారు. 2020 మార్చి 20 నుంచి జూన్ దాకా దర్శనాలు ఆగిపోయిన కాలంలో అలిపిరి వెలవెలబోయింది. ఇన్ని రాష్ట్రాల జనం కలిసే ఊళ్లో ఏదైనా కొత్త రకం దొరికితే, అది ఇక్కడ పుట్టిందనడానికి గానీ, ఇక్కడ గెలిచిందనడానికి గానీ అదొక్కటే ఆధారం కాదు. బస్సు దిగి వచ్చి ఉండవచ్చు.

కాలం గడిస్తే వైరస్ మెత్తబడుతుందా

మెత్తబడుతుందని చెప్పేవారు కుందేళ్ల ఉదాహరణ చూపుతారు. 1950లో ఆస్ట్రేలియాలో కుందేళ్లను అదుపు చేయడానికి వదిలిన మిక్సోమా వైరస్ మొదట సోకినవాటిలో 99 శాతానికి పైగా చంపింది. కొన్నేళ్లలో కొంత తక్కువగా చంపే రకాలు ఆధిక్యంలోకి వచ్చాయి. కానీ అవి కూడా ఎక్కువ కుందేళ్లను చంపగలిగేవే, ఈలోపు కుందేళ్లలో తట్టుకునే శక్తీ పెరిగింది. మనుషుల్లో కరోనా, జబ్బు ముదరకముందే ఎదుటివారికి అంటుకుంటుంది, కాబట్టి రోగి తర్వాత ఏమయ్యాడన్నది దాని వ్యాప్తిని పెద్దగా ప్రభావితం చేయదు. ఒమిక్రాన్ ‘తేలికపాటిది’ అని పేరు పడింది. డెల్టాతో పోలిస్తే అందులో కొంత నిజముంది. అయినా 2022 తొలి నెలల్లో హాంకాంగ్‌లో, టీకా వేసుకోని వృద్ధులు అధికంగా ఉన్నచోట, అది పెద్ద సంఖ్యలో ప్రాణాలు తీసింది. దక్షిణాఫ్రికాలో అప్పటికే చాలామందికి పాత అలల్లో సోకి ఉండటం వల్ల అంత నష్టం జరగలేదు. తేలికదనంలో పెద్ద వాటా జనంలోని రోగనిరోధకతదేనని నేను భావిస్తాను.

ఎన్440కె మళ్లీ ఎక్కడ కనిపించింది

ఆ అమ్మాయి ప్రశ్నకు ఆరు నెలల తర్వాత మరో సమాచారం చేరింది. ఎన్440కె అంటే స్పైక్ ప్రోటీన్‌లో 440వ స్థానాన ఆస్పరజిన్ పోయి లైసిన్ రావడం. ఈ మార్పు కొన్ని యాంటీబాడీల నుంచి తప్పించుకోవడానికి తోడ్పడుతుందని ప్రయోగాల్లో ముందే తెలిసింది. 2020లో యాంటీబాడీలు ఉన్నవారు జనంలో కొద్దిమందే, మన లెక్కలోని మొదటి ఊరిలాగా. 2021 నవంబరులో బోట్స్వానా, దక్షిణాఫ్రికాలలో గుర్తించిన ఒమిక్రాన్ స్పైక్‌లో ముప్ఫైకి పైగా మార్పులున్నాయి, వాటిలో ఎన్440కె ఒకటి. దక్షిణ భారతంలో తిరిగిన పాత వంశం నుంచి అది రాలేదు. వేరే వంశంలో, వేరే చోట విడిగా పుట్టింది. ఒమిక్రాన్ వ్యాప్తిని ఆ ఒక్క అక్షరానికే ఆపాదించడం కూడా పొరపాటే, మిగతా మార్పులతో కలిసి పనిచేసింది కాబట్టి. కానీ అప్పటికి ప్రపంచంలో ఎక్కువమందికి టీకా ద్వారానో జబ్బు ద్వారానో యాంటీబాడీలు వచ్చి ఉన్నాయి. ఊరు రెండో ఊరైంది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మూడో అల లేచినప్పుడు, ఇక్కడ తిరిగిన వైరస్ 440వ స్థానంలో మళ్లీ లైసిన్‌నే మోసుకొచ్చింది.